ఇక పిట్ట అనొద్దు

“ఈ కర్టెన్లు కూడా తీసెయ్యాలా, ఉంచాలా? అదొక్కటి తేల్చండి. నేను స్టూలు దిగాలి,” అంది అత్తగారు.

ఆవిడ కిటికీ దగ్గర స్టూలెక్కి, ఒక చేత్తో గోడనీ ఇంకో చేత్తో చిలకల కర్టెన్‌నీ పట్టుకుని ఉంది. తేల్చవలసిన మనవరాలు మాత్రం తన గదిలోంచి ఇంకో బుట్ట తెచ్చి హాలు మధ్యలో బోర్లించింది. పిచ్చుక బొమ్మ కప్పు, గుడ్లగూబ దిండు, కొంగ ఆకారంలో ఉన్న గడియారం, బాతుల సాక్సులు బోలెడన్ని. అంత చిన్న ఇంట్లో అన్ని పక్షులు ఇన్నాళ్ళూ ఎక్కడ కాపురం ఉన్నాయో ఇంటివాళ్ళకే అంతు పట్టలేదు.

“కర్టెన్లు నీవి కదా నానమ్మా. నీ ఇష్టం,” అంది అమ్మాయి.

“నాకేం ఇష్టం? నీకిష్టమని మీ అమ్మ కొంది. నీకిష్టమని నేను ఉతుకుతూ వచ్చాను.”

“అయితే అమ్మనే అడుగు.”

అమ్మ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు లాప్‌టాప్ తెరిచి ఉంది గానీ చూపంతా బాతుల సాక్సుల మీదే. బడిలో పిల్లలు ఆవిడని బ్రాండ్ మేడమ్ అంటారు. ఒక్కొక్కరికీ తనదంటూ ఒక మాట వెతికిపెట్టి, ఆ మాటకి తగిన ఫొటో, ఆ ఫొటో కింద నాలుగు వాక్యాలు, ఆ వాక్యాలు చెప్పేటప్పుడు నిలబడే తీరు నేర్పడం ఆవిడ ఉద్యోగం. ‘గుంపులో నిన్ను ఎలా గుర్తుపట్టాలి?’ అన్నది మొదటి పాఠం.

ఆ పాఠం అందరికంటే ముందు సొంత కూతురి మీదే ప్రయోగించింది. ఆరేళ్ళప్పుడు బాల్కనీలో పావురానికి గింజలు వేస్తూ పిల్ల నవ్విన ఫొటో ఒకటి ఉంది. అందులోంచే ‘పిట్ట’ అన్న పేరు పుట్టింది. ‘చిన్న రెక్కలు, పెద్ద ఆకాశం’ అన్న వాక్యం పుట్టింది. నిజం చెప్పుకోవాలంటే తల్లి ఉద్యోగం కూడా ఆ ఫొటోలోంచే పుట్టింది.

ఆ పిట్టే పోయిన శనివారం వార్షికోత్సవంలో, తల్లిదండ్రులందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉండగా, మైకు ముందు కాసేపు ఊరికే నిలబడింది. “నాకు పక్షులంటే ఇష్టం లేదండీ. రెండేళ్ళ నుంచీ లేదు. అమ్మతో చెప్పడానికి వీలు పడలేదు,” అని చెప్పి, చక్కగా దండం పెట్టి, స్టేజీ దిగిపోయింది.

దండం పెట్టే తీరు కూడా మేడమ్ నేర్పిందే.

“పిట్టా, ఒక్క నిమిషం ఇలా రా...” అందావిడ ఇప్పుడు.

“ఇక పిట్ట అనొద్దు.”

“సరే, అనను. మరి ఏమనాలి?”

అమ్మాయి నిజంగానే ఆలోచించింది. “ఇంకా తెలీదు,” అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. విసురుగా వేసుకున్నా తల్లి తట్టుకునేదేమో. చప్పుడు కాకుండా, మెల్లగా వేసుకుంది.

“నేనింకా స్టూలు మీదే ఉన్నాను,” అంది అత్తగారు.

*

బడి డైరెక్టర్‌గారు ఫోన్లో మాట్లాడినంతసేపూ మర్యాదగానే మాట్లాడారు. అదే ఎక్కువ భయపెట్టింది.

“చూడండి మేడమ్, పిల్లలన్నాక మారుతుంటారు. తప్పులేదు. పక్షులు కాకపోతే ఇంకోటి. ఈ శనివారం తల్లిదండ్రుల మీటింగు ఉంది. అమ్మాయిని కొత్త మాటతో స్టేజీ ఎక్కించండి. మారడం కూడా ఒక కథే కదా? ఎక్కించారా, మీ క్లాసు ఉంటుంది. లేదా, వాళ్ళు అడిగేదానికి నా దగ్గర జవాబు లేదు.”

కొత్త మాట. ఇందులో పెద్ద చిక్కేముంది అనుకుంది మేడమ్. ఊళ్ళో పిల్లలందరికీ వెతికిపెట్టిన మనిషి. ఆవిడ దగ్గర పదిమంది పరీక్ష అని ఒకటి ఉంది. పిల్లని ఎరిగిన పదిమంది దగ్గరికి వెళ్ళి ‘ఒక్క మాటలో ఈ పిల్ల గురించి చెప్పండి’ అని అడగాలి. ఎక్కువమంది నోట వచ్చిన మాటే ఆ పిల్ల మాట. ఇన్నేళ్ళలో ఆ పరీక్ష తప్పిందని ఎవరూ అనలేదు.

మొదట అత్తగారినే అడిగింది.

“మన పిల్ల గురించా? చిన్న రెక్కలు, పెద్ద ఆకాశం,” అందావిడ తడుముకోకుండా.

“అది కాదత్తయ్యా. మీకు అనిపించింది చెప్పండి.”

“నాకేం అనిపిస్తుందమ్మా? ఎవరడిగినా ఇదే చెప్పమన్నావుగా! మొన్న ఆసుపత్రిలో డాక్టరడిగినా ఇదే చెప్పాను. ఆయన నా బీపీ మళ్ళీ చూశాడు.”

క్లాస్ టీచర్ని అడిగింది. చిన్న రెక్కలు, పెద్ద ఆకాశం. మేడమ్ చెల్లెలు ఫోన్లో రాగం తీస్తూ అదే చెప్పింది. బడి బస్సు డ్రైవరు, కింది ఫ్లాటు ఆవిడ, పళ్ళ డాక్టరు, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాసే అమ్మాయి, అందరూ అదే. ఒకాయన ఆకాశం మర్చిపోయి చిన్న రెక్కల దగ్గరే ఆగిపోయాడు. అంతకుమించి తేడా లేదు.

సాయంత్రానికి మేడమ్‌కి తల తిరిగినంత పనైంది. తన కూతురి గురించి ఊరంతా తిరిగి అడిగితే, తన గొంతే తనకి తిరిగి వినిపించింది. ఈ పరీక్ష పెట్టిన మిగతా పిల్లల విషయంలో కూడా ఇంతేనా? ఆ ఆలోచన రాగానే దాన్ని గబుక్కున పక్కకి నెట్టేసింది. అంతలో ఇంకో సంగతి తట్టింది. ఇంట్లోనే ఉన్న భర్తని ఇంకా అడగలేదు.

ఆయన వెనక గదిలో ఉన్నాడు. కట్టుడు పళ్ళు చేయడం ఆయన పని. డాక్టర్లు పంపిన చిగుళ్ళ అచ్చులు బల్ల మీద వరసగా నోరు తెరుచుకుని ఉన్నాయి. ఆయన మటుకు ఒక పన్ను అంచు అరగదీస్తూ నోరు మూసుకుని ఉన్నాడు. ఆ ఇంట్లో ఆయన మామూలుగా ఉండే పద్ధతి అదే.

“మన అమ్మాయి గురించి ఒక్క మాటలో చెప్పండి,” అంది.

“నన్నడక్కు.”

“ఎందుకని?”

“నాకు తెలుసు కాబట్టి.”

అరగదీసే యంత్రం ఆగింది. మేడమ్ అక్కడున్న స్టూలు మీద కూలబడింది.

“ఏం తెలుసు?”

“బుధవారం బుధవారం ఎక్కడికెళ్తుందో తెలుసు.”

“డ్రాయింగ్ క్లాసుకి కదా!”

ఆయన పన్నుని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు.

“డ్రాయింగ్ క్లాసు కాదా? ఎప్పటినుంచి? ఎక్కడికి? ఎవరితో? ఏమండీ, మిమ్మల్నే!”

“మంచి చోటికే. నేను వెళ్ళి చూసే వచ్చాను. భయపడాల్సిందేం లేదు.”

“మీకు చెప్పి నాకు చెప్పలేదా?”

“నాకూ చెప్పలేదు. దారిలో చూశాను. చూశానని తనతో అన్నాను. అమ్మకి చెప్పొద్దంది.”

“చెప్పొద్దంటే ఊరుకోవడమేనా? రేపు నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీకుండా నేను ఊరంతా తిరుగుతుంటే, మీరు ఇక్కడ కూర్చుని పళ్ళు అరగదీసుకుంటున్నారా?”

“నీ ఉద్యోగం పోతే బాధే. కానీ చెప్తే నువ్వు ఊరుకోలేవు. సాయంత్రానికల్లా దానికో పేరు పెడతావు. పేరు పెట్టాక ఫొటో తీస్తావు. అప్పుడది ఆ పని కూడా మానేస్తుంది.”

మేడమ్‌కి కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. వాటన్నిటి కిందా ఇంకోటి కదిలింది. కూతురి విషయంలో అలాంటిది కలిగి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. ఆత్రం. ఆ పిల్ల ఎక్కడికెళ్తోంది? వెళ్ళి ఏం చేస్తోంది?

“అదేదో బాగా చేస్తుందా?” అని అడిగింది, ఉండబట్టలేక.

ఆయన మొదటిసారి నవ్వాడు. “అస్సలు బాగా చెయ్యదు,” అని మళ్ళీ యంత్రం వేసుకున్నాడు.

*

చెప్పింది లెక్కల పులి.

లెక్కల పులి కింది ఫ్లాటు ఆవిడ కూతురు. మన అమ్మాయితో ఒకే క్లాసు. పోయిన ఏడాది మేడమే ఆ పిల్లకి ఆ మాట వెతికిపెట్టి, చారల చొక్కా వేయించి ఫొటో తీయించింది. ఆయన్ని అడిగిన మర్నాడు ఆ పిల్ల మెట్ల మీద మేడమ్‌కి ఎదురుపడి, పక్కకి తప్పుకోకుండా అక్కడే నిలబడిపోయింది.

“ఆంటీ, తను మాట మార్చుకుంటోందట కదా? నేనూ మార్చుకోవచ్చా?”

“నీకెందుకమ్మా? లెక్కల పులి ఎంత బాగుంది!”

“పేరు బాగానే ఉంది ఆంటీ. లెక్కలే రావట్లేదు.”

మేడమ్‌కి నవ్వొచ్చింది. పిల్ల మొహం చూశాక ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది.

“రాకపోతే టీచర్ని అడగాలి కదా, తల్లీ?”

“పులి వెళ్ళి ఎలా అడుగుతుంది ఆంటీ? అందరూ నవ్వరా? ఇదివరకు అడిగేదాన్ని. ఇప్పుడు అన్నీ వచ్చినట్టే తలూపుతున్నా.”

మేడమ్ మెట్టు మీద కూర్చుంది. పిల్ల కూడా పక్కన చతికిలబడింది.  

“మార్చుకో,” అంది మేడమ్ చివరికి. “ఇంకో మాటేం వద్దులే. ఊరికే ఉండు కొన్నాళ్ళు.”

“తనలాగానా? తనకి బుధవారం పాటలున్నాయి ఆంటీ. నాకేమీ లేదు.” అనేసి, నాలిక్కరుచుకుంది. “మీకు తెలీదా? లైబ్రరీ వెనక హాల్లో... అయ్యో, నేను చెప్పానని చెప్పకండి ఆంటీ!”

పాటలు! ఆ ఇంట్లో పాటంటే ప్రెషర్ కుక్కర్ వేసే ఈలే. 

*

బుధవారం సాయంత్రం మేడమ్ ఆ హాలు తలుపు దాకా వెళ్ళి వచ్చేద్దామనే వెళ్ళింది. లోపలికి వెళ్ళే ఉద్దేశం బొత్తిగా లేదు. ఆ సంగతి ఆవిడ దారి పొడుగునా తనకి తానే చెప్పుకుంటూ వెళ్ళింది.

లైబ్రరీ వెనక హాలు తలుపు సగం తెరిచే ఉంది. లోపల కుర్చీలన్నీ ఒక మూలకి పేర్చి, నలభై మంది దాకా వరసల్లో నిలబడి ఉన్నారు. డ్యూటీ బట్టల్లోనే వచ్చిన నర్సు, కర్ర ఊతంగా పట్టుకున్న పెద్దాయన, చంటిపిల్లని భుజాన వేసుకున్న ఒకావిడ. రెండో వరస చివర, నర్సు పక్కన, బడి సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని తన కూతురు.

“కొత్తవాళ్ళా? లోపలికొచ్చి తలుపు వేసెయ్యండి, గాలికి కాగితాలు ఎగురుతున్నాయి,” అంది పాట నేర్పే ఆవిడ. పియానో దగ్గర నిలబడి, చేతిలో పెన్సిలు ఊపుతోంది.

అమ్మాయి తల తిప్పి చూసింది. మొహం పాలిపోయింది.

“ఈవిడ నీకు తెలుసా?” అంది పాటలావిడ ఆ చూపు కనిపెట్టి.

“మా పక్క బిల్డింగు ఆవిడండీ,” అంది అమ్మాయి.

 మేడమ్ కూతురి కళ్ళలోకి చూసింది. అక్కడ కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది.

“అవునండీ. పక్క బిల్డింగే,” అంది తల్లి.

“అయితే ఆ అమ్మాయి పక్కనే నిలబడండి. ఇక్కడ పేర్లు, వివరాలు ఏమీ అడగం. ఒక్కటే పద్ధతి. చివర్లో వచ్చే స్వరం చాలాసేపు సాగాలి. అందరూ ఒక్కసారే ఊపిరి తీసుకుంటే అది తెగిపోతుంది. అందుకని మీ పక్కమనిషి తీసుకునేటప్పుడు మీరు తీసుకోకూడదు. ఎప్పుడు తీసుకుంటోందో విని తెలుసుకోవాలి. అడక్కూడదు. ఎవరి గొంతైనా నాకు విడిగా వినిపించిందో, మళ్ళీ మొదటికి.”

పాట మొదలైంది. మాటలు తెలియకపోయినా మేడమ్ గొంతు కలిపింది. స్టేజీలు ఎక్కి ఎక్కి ఆరితేరిన గొంతు. పెన్సిలు టక్కున ఆగింది.

“ఎవరో విడిగా వినిపిస్తున్నారు.”

నలభై మందీ ఎటూ చూడకుండా మర్యాదగా నేల చూపులు చూశారు. మేడమ్‌కి చెవులు వేడెక్కాయి. మళ్ళీ మొదటికి.

ఈసారి ఆవిడ దాదాపు పాడనేలేదు. కూతుర్ని వింది. ఆ పిల్ల శ్రుతిలో లేదు. కిందకి జారుతోంది, జారినప్పుడల్లా నర్సు మోచేత్తో పొడుస్తోంది, ఇద్దరికీ నవ్వు ఆగడం లేదు. ఆ నవ్వులో పన్ను మీద పన్ను కనిపిస్తోంది. ఫొటోల్లో అది కనపడకుండా నవ్వమని నేర్పింది తనే.

చివరి స్వరం సాగుతోంది. ఎప్పుడు ఊపిరి తీసుకుంటుందా అని తల్లి చెవులు రిక్కించింది. అమ్మాయి భుజం కొంచెం లేచింది. తల్లి గొంతు ఆపకుండా నిలబెట్టింది. తర్వాత తల్లి ఊపిరి తీసుకుంది. ఆ వంతు అమ్మాయి నిలబెట్టింది. స్వరం తెగలేదు. ఇదే సంతోషమంటే అని మేడమ్‌కి అనిపించింది. సిగ్గుపడకుండా అనిపించింది.

అదే క్షణంలో, ఎవరూ పిలవకుండానే, బుర్రలో ఒక వాక్యం తయారై వచ్చి కూర్చుంది. ‘రెక్కలు వదిలి గొంతు వెతుక్కున్న పిట్ట.’ మారడం కూడా కథే అన్నారుగా డైరెక్టర్‌గారు! శనివారానికి అచ్చంగా సరిపోతుంది. ఫొటో కూడా కళ్ళ ముందే ఉంది. అంత చక్కటి వాక్యం ఆవిడ ఇన్నేళ్ళలో రాయలేదు. దానికి మురిసిపోయింది, మురిసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

*

విరామంలో అందరూ నీళ్ళ కూజా దగ్గర మూగారు. మేడమ్ ఫోను మోగింది. డైరెక్టర్‌గారు. ఆవిడ గోడ వైపు తిరిగి ఎత్తింది. వెనక కూజా దగ్గర మాటలు సాగుతూనే ఉన్నాయి, ఒక్క గ్లాసు చప్పుడు మాత్రం మధ్యలో ఆగిపోయింది. అది ఎవరి చేతిలోదో తిరిగి చూడకుండానే తెలిసింది.

“మాట దొరికిందా మేడమ్?”

నాలిక చివరే ఉంది. రెక్కలు, గొంతు, పిట్ట. ఒక్కసారి అంటే చాలు, ఉద్యోగం నిలుస్తుంది.

“లేదండీ. దొరకలేదు.”

“పదిమందినీ అడిగారా?”

“అడిగానండీ. ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు.”

 “సొంత కూతురి గురించే తెలీదంటే, వేరే పిల్లల సంగతి మీకేం తెలుసని వాళ్ళడుగుతారు. నేనేం చెప్పను?”

“ఆ మాట నిజమేనని చెప్పండి.”

“సోమవారం నుంచి క్లాసు ఉండదు. అర్థమైందా?”

“అర్థమైందండీ.”

ఫోను పెట్టేసింది. భయం వేసింది. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో, సోమవారం పొద్దున్న లేచి ఏం చెయ్యాలో ఏమీ తోచలేదు. ఫోను సంచిలో పడేసి వెనక్కి తిరిగింది. అమ్మాయి గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. విన్నది. అంతా విన్నది.



“రండి రండి, వరసల్లోకి,” అంది పాటలావిడ చప్పట్లు కొడుతూ. “ముందు ఒక పని ఉంది. కొత్తవాళ్ళొచ్చినప్పుడు ఉండాలా వద్దా అన్నది నేను చెప్పను. పక్కన నిలబడ్డవాళ్ళు చెప్పాలి. ఊపిరి ఇచ్చిపుచ్చుకోవాల్సింది వాళ్ళు కదా! ఏమ్మా, ఎలా పాడారు మీ పక్క బిల్డింగు ఆవిడ?”

అమ్మాయి గ్లాసు కిటికీలో పెట్టింది.

“రెండోసారి బాగా పాడిందండీ. నా ఊపిరి తెగనివ్వలేదు.”

“అయితే ఉండనిద్దామా?”

“ఈవిడ మా అమ్మండీ,” అంది అమ్మాయి.  “అందుకే వద్దు. ఇక్కడ వద్దు.”

 నర్సు అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. పాటలావిడ తల్లి వైపు చూసింది, ఈసారి పెన్సిలు దించి.

మేడమ్ తలూపింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, తుడుచుకోలేదు. సంచి భుజాన వేసుకుని తలుపు దాకా నడిచింది. వెనక అడుగుల చప్పుడైంది. అమ్మాయి పరుగున వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

“ఇంటికెళ్ళమ్మా. అయిపోగానే వస్తాను. వచ్చి చెప్తాను.”

“ఏం చెప్తావే?”

“నువ్వేం అడుగుతావో దాన్ని బట్టి,” అని తలుపు వేసేసింది.

మేడమ్ వీధిలోకి వచ్చింది. వెనక పాట మళ్ళీ మొదలైంది. ఊళ్ళో పిల్లలందరినీ అడిగే ప్రశ్నలు ఆవిడకి కంఠతా వచ్చు. వాటిల్లో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేలా లేదు. అడగాల్సిన మొదటి ప్రశ్న ఏమిటో, ఇంటి మెట్లెక్కేదాకా ఆవిడకి తోచనే లేదు. తోచింది కూడా చిన్నదే: ‘నేను వచ్చేశాక పాట ఎలా సాగింది?’